అనౌన్సర్ గంగారాం ఇంటి పిట్ట

2022 వానాకాలం. నాందేడ్‌లో వర్క్‌షాప్ కార్నర్ దగ్గర నేను క్లినిక్ పెట్టి అప్పటికి చాలా ఏళ్ళయింది. నేను పశువుల డాక్టర్ని. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద కామారెడ్డి వైపు నుంచి ఇక్కడికి వస్తే, నేను ఇక్కడే పుట్టి, మరాఠీ బడిలో చదువుకుని, ఇంట్లో తెలుగు, బజారులో హిందీ మాట్లాడుతూ పెరిగాను. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి కుక్కలు. ముఖేడ్, దెగ్లూర్ వైపు నుంచి మేకల్ని, దూడల్ని కూడా తెస్తారు. పిట్టలు మాత్రం కరోనా తర్వాతే ఎక్కువయ్యాయి. ఇళ్ళలో చిక్కుకుపోయిన రోజుల్లో పిల్లల మారాం తీర్చడానికి కొన్నవే చాలా వరకు.

పిట్టల వైద్యంలో ఒక కష్టం ఉంది. కుక్కకు నొప్పి ఉంటే మూలుగుతుంది. ఆవుకు జ్వరం వస్తే మేత మానేస్తుంది. పిట్ట అలా కాదు. నీరసంగా కనబడ్డ పిట్టనే డేగ ముందు పట్టుకుపోతుంది కాబట్టి, చేతనైనంత కాలం అది జబ్బును దాచుకుంటుంది. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుందంటే, ఇక దాచుకునే ఓపిక కూడా లేదని అర్థం. జనం అప్పుడే తెస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకు కనబడేదే అప్పుడు.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. ఒక ఆడమనిషి పాత చీర కప్పిన పంజరాన్ని పొదివి పట్టుకుని లోపలికి వచ్చింది. నలభై అయిదు దాటి ఉంటాయి. వెనకాలే ఆమె భర్త, మెడకు తెల్లటి దస్తీ చుట్టుకుని, గొడుగు మూస్తూ వచ్చాడు. పంజరంలో ఉన్నది కాకటీల్. పావురం కంటే చిన్నది, తల మీద కుచ్చు, బుగ్గల మీద నారింజ రంగు చుక్కలు. బయటి దేశపు జాతి కాబట్టి ఇంట్లో పెంచుకోవచ్చు. మన రామచిలుకను పెంచితే మాత్రం నేరం, ఆ సంగతి చాలామందికి ఇప్పటికీ తెలియదు.

పిట్ట అడుగున కూర్చుని కళ్ళు మూసి తెరుస్తోంది. నేను పంజరం తలుపు తీస్తూ మగమనిషిని అడిగాను.

"ఎన్ని రోజులాయె అన్నా, తింటలేదు?"

ఆయన నా వైపు చూసి, భార్య వైపు చూశాడు. ఆమె చెప్పింది.

"ఆయన మాట్లాడడు మేడం. గొంతు తీసేసిండ్రు. హైదరాబాద్ల ఆపరేషన్ అయ్యింది. తంబాకు తింటుండె గద, కాన్సర్ అయ్యింది."

నేను సర్దుకుని, "పిట్ట పేరేంది?" అని అడిగాను.

"సోన్యా. రెండు మూడు రోజుల సంది గిట్లనే ఉన్నది. మాట బందయ్యింది. మాట్లాడేది మేడం ఇది, మంచిగ మాట్లాడేది."

ఆమె పేరు రేణుక. భర్త గంగారాం. దెగ్లూర్ పక్క పల్లె వాళ్ళు, ఇద్దరివీ కూలి చేసుకుని బతికిన కుటుంబాలు. గంగారాం పడుచుతనంలోనే నాందేడ్ వచ్చి ఆటోకు మైకు కట్టుకుని అనౌన్సర్ అయ్యాడు. బట్టల దుకాణాల సేల్, సర్కస్, ఎన్నికలు, జాతరలో తప్పిపోయిన పిల్లలు, ఏదైనా సరే మరాఠీలో ఒకసారి, హిందీలో ఒకసారి, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే గల్లీల్లో తెలుగులో ఒకసారి చెప్పేవాడట. ఆమె చెబుతుంటే నాకు గుర్తొచ్చింది. కుక్కలకు రేబిస్ టీకాలు వేసే క్యాంపు పెట్టినప్పుడల్లా మా వీధిలో తిరిగిన ఆటో ఈయనదే. "ఇనుండ్రి, ఇనుండ్రి, మీ కుక్కలను తీస్కొని రాండ్రి" అని పిలిచిన గొంతు. ఏళ్ళ తరబడి విన్నాను. మనిషిని చూడడం అదే మొదలు.

ఒక పెట్ షాపు ప్రారంభానికి గంగారాం ఊరంతా ప్రచారం చేస్తే, జనం బాగా వచ్చారని సంతోషపడి ఆ యజమాని కాకటీల్ పిల్లను బహుమతిగా ఇచ్చాడట. అదే సోన్యా. గంగారాం దానికి ఈలలు నేర్పాడు. మాటలు నేర్పాలని ప్రత్యేకంగా ప్రయత్నించలేదు. రోజూ సాయంత్రం ఇంటికి వచ్చి, గడపలో చెప్పులు విడుస్తూ "రేణుకా, అచ్చిన" అని పిలిచేవాడు. పిట్ట ఆ మాటే పట్టుకుంది.

"అచ్చం ఆయన లెక్కనే అంటది మేడం," అంది రేణుక. "జర సన్నగ అంటది గని, అదే లాగుడు, అదే గొంతు. ఆపరేషన్ అయినంక ఇంట్ల నన్ను పేరు పెట్టి పిలిచేది గిదొక్కటే."

గంగారాం బల్ల మీది పంజరం ఊచను వేలితో నెమ్మదిగా రాస్తున్నాడు. మెడకు పెట్టుకుని మాట్లాడే మిషను ఒకటి ఉంటుందని దవాఖానలో చెప్పారట. దానిలోంచి వచ్చే గొంతు ఎవరిదైనా ఒక్కలాగే ఉంటుందని తెలిశాక ఆయన వద్దని చేతులూపేశాడట.

పిట్టను చేతిలోకి తీసుకున్నాను. రొమ్ము ఎముక రెండు పక్కలా కండ తగ్గి, ఎముక కత్తి అంచులా వేలికి తగిలింది. దాణా సంచి, అంటే గొంతు కింద గింజలు నిలవుండే తిత్తి, దాదాపు ఖాళీ. తర్వాత పంజరం అడుగు చూశాను. మరాఠీ పేపరు పరిచి ఉంది. రెట్టలన్నీ ఆ అచ్చులో, ఆ రంగుల ప్రకటనల్లో కలిసిపోయాయి. తడి అంతా పేపరు పొరల్లోకి దిగి ఎండిపోయింది.

పిట్ట రెట్టలో మూడు భాగాలుంటాయి. ముదురు రంగు మలం, సున్నంలాంటి తెల్ల ముద్ద, దాని చుట్టూ కొద్దిగా నీరు. తెల్ల ముద్దను మేం యూరేట్స్ అంటాం. ఆ మూడింటి రంగు, పరిమాణం సరిగా కనబడితే, చిన్న పిట్టకు రక్తపరీక్ష చేయకుండానే సగం సంగతి తెలుస్తుంది. పేపరు మీద అదేమీ తెలియదు. అందుకే జబ్బు పిట్ట కింద నేను అండర్‌ప్యాడ్ వేయిస్తాను. మంచం పట్టిన మనుషుల కింద పరుస్తారే, పైన తెల్లగా మెత్తగా, కింద నీలం ప్లాస్టిక్‌తో ఉండేది, వాడి పారేసేది. అది తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి పిట్ట కాళ్ళు, పొట్ట ఈకలు పొడిగా ఉంటాయి. నీటి మరక ఎంత వెడల్పు, ఏ రంగు అన్నది తెల్ల బట్ట మీద స్పష్టంగా కనబడుతుంది. ఒకటే జాగ్రత్త. పిట్ట దాన్ని కొరికితే లోపలి దూది, జిగురు పొడి కడుపులోకి పోయి అడ్డం పడతాయి. అందుకని పైన జాలీ పెట్టి, జాలీ కింద పరచాలి.

ఇదంతా చెప్పి, "మెడికల్ షాపుల అడుగుండ్రి, దొర్కుతయి," అన్నాను.

"ఇంట్లనే ఉన్నయి మేడం," అంది రేణుక. "ఆయన కోసం తెచ్చినయి మిగిలినయి. పారెయ్యబుద్ధి కాలె."

దాణాను పలచగా కలిపి గొట్టంతో తాగించి, వెచ్చగా ఉంచడానికి బల్బు ఎలా పెట్టాలో చూపించి, వాడిన ప్యాడ్లు పారేయకుండా తెమ్మని పంపాను.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. గంగారాం క్యారీబ్యాగులోంచి ప్యాడ్లు తీసి, ముందుది ముందు, తర్వాతది తర్వాత నా బల్ల మీద విప్పి పరిచాడు. నేను వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. మలం నూరిన పెసలలా ఆకుపచ్చగా ఉంది. తెల్లగా ఉండాల్సిన ముద్ద ఆకుపచ్చకు తిరిగింది. చుట్టూ నీటి మరక బాగా వెడల్పుగా పరుచుకుని, దాని అంచున పల్చటి గులాబీ ఛాయ ఉంది. నా పక్కన నిలబడి గంగారాం కూడా ఆ ఛాయ మీదే వేలు పెట్టి, నా ముఖం చూశాడు. పేపరు మీద అయితే ఆ గులాబీ రంగు మా ఇద్దరికీ కనబడేది కాదు.

నాకు లోహం మీద అనుమానం వచ్చింది. సీసంగానీ జింకుగానీ ఒంట్లోకి పోతే పిట్టల మూత్రపిండాలు ఇలా దెబ్బతింటాయి.

"పింజ్రా కొత్తదా అక్కా? గంటలు, గొలుసులు ఏమన్న కట్టిండ్రా?"

"లేదు మేడం. పాతదే."

"బయట ఇడుస్తరా?"

"రోజు ఇడుస్తం. అర్రలనే ఉంటది, ఎటు పోదు."

"దేన్నన్న కొరుకుతదా?"

రేణుక ఆలోచించి లేదంది. గంగారాం కూడా తల అడ్డంగా ఊపాడు. అడిగితే తేలే విషయం కాదనిపించి, కేసులు అయిపోయాక వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

గోదావరి వైపు పోయే పాత బస్తీలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం, సోన్యా పంజరం, మూలన దుప్పటి కప్పి ఉన్న ఎత్తైన వస్తువు ఒకటి. దుప్పటి అంచుల మీద ఎండిన రెట్టలు కనబడ్డాయి. అదేమిటని అడిగాను.

"మైక్ సెట్," అంది రేణుక. "ఆయన సామాను. దాన్ని ముట్టనియ్యడు. పిట్ట గూడ దాని మీదనే కూసుంటది. మునుపు ఆయన గక్కడ కూసోని మాటలు చదువుకుంటుండె గద, దాని జాగ అదే అనుకుంటది."

దుప్పటి తీయించాను. పాత ఆంప్లిఫైయర్. మైకులోంచి వచ్చే గొంతును పెద్దది చేసే పెట్టె. వెనక రేకు ఎప్పుడో ఊడిపోయి, లోపలి తీగలు బయటికే ఉన్నాయి. మొబైల్ లైటు వేసి చూశాను. తీగలను అతికించిన టంకం ముద్దల మీద చిన్న చిన్న గాట్లున్నాయి. కొరికిన చోటల్లా కొత్త వెండిలా మెరుస్తోంది. పాతకాలపు టంకంలో సగం దాకా సీసమే ఉంటుంది. పిట్టలకు మెత్తగా ఉండి మెరిసేది కనబడితే కొరక్కుండా ఉండలేవు.

నేను చెప్పడం పూర్తికాక ముందే గంగారాంకు అర్థమైంది. ఆయన వంగి ఆ గాట్లను చూసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. దుప్పటి కిందికి పిట్ట దూరడం ఆయన రోజూ చూసేవాడట. తన సామాను దగ్గర కూర్చునే తోడు అదొక్కటే అని మురిసిపోయేవాడట.

రేణుక గొంతు పెరిగింది.

"అమ్ముమని ఎన్నిసార్ల చెప్పిన నీకు? ఎన్నిసార్ల చెప్పిన? అప్పుడే అమ్మితే గిట్లయితుండెనా? నీ డబ్బ నీకు, పిట్ట పోయినా మంచిదే."

గంగారాం నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. మెడ దస్తీ కింద, ఆపరేషన్‌లో పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి బుస్సుమంది, అంతే. మళ్ళీ నోరు మూసుకున్నాడు.

"అక్కా, గట్ల అనకు," అన్నాను. "ఇంట్ల ఉండే సామానే గది. దాంట్ల ఇసం ఉంటదని ఎవలికి ఎర్క? నాకు గూడ చూసినంకనే తెల్సింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

మనుషుల ఎక్స్‌రే సెంటర్లో నాకు తెలిసిన టెక్నీషియన్ ఉన్నాడు. పేషెంట్లు లేని సమయం చూసి ఫొటో తీసిచ్చాడు. పిట్ట కడుపులో గింజల్ని నలిపే గట్టి సంచి ఒకటి ఉంటుంది. అందులో ఆవగింజల కంటే చిన్న తెల్లటి చుక్కలు మెరుస్తూ కనబడ్డాయి. అనుమానం నిజమైంది. దీనికి చెలేషన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. రక్తంలో కలిసిన లోహాన్ని పట్టుకుని మూత్రంతో బయటికి తెచ్చే మందు. నాందేడ్‌లో దొరకలేదు. హైదరాబాద్‌లో నాతోపాటు చదివిన స్నేహితురాలికి ఫోన్ చేస్తే, ఆమె సంపాదించి, రైల్లో ఇటు వస్తున్న మా నాన్న పాత సహోద్యోగి చేతికి ఇచ్చి పంపింది.

ఆ తర్వాత గంగారాం రోజూ పొద్దున, సాయంత్రం పంజరంతో వచ్చేవాడు. పొద్దున రేణుకకు ఒక హాస్టల్లో రొట్టెలు చేసే పని ఉండేది, అందుకని ఆయన ఒక్కడే వచ్చేవాడు. మేమిద్దరం మాట్లాడుకునేది ఆ ప్యాడ్ల మీదే. ఆయన ప్యాడ్ విప్పి, నీటి మరక చుట్టూ వేలితో గీత గీసినట్టు తిప్పి, నిన్నటి దానికంటే చిన్నదా పెద్దదా అని రెండు వేళ్ళ మధ్య దూరంతో చూపించేవాడు. తిన్నదంటే అరచేతిలో ముక్కు పొడిచినట్టు చేసేవాడు. వాంతి అయితే తల విదిలించి చూపేవాడు. నేను ఏ గుర్తు కోసం చూస్తున్నానో తొందరగానే పసిగట్టాడు. నన్ను అడగనవసరం లేకుండానే ముఖంలో భయమో ధైర్యమో పెట్టుకుని లోపలికి వచ్చేవాడు. మైకులో ఊరంతటికీ వినబడేలా బతికిన మనిషి, అంత చిన్న చిన్న సైగల్లోకి ఒదిగిపోవడం చూస్తే నాకు ఏదోలా ఉండేది.

ఇంట్లో ఎలా ఉంచాలో ముందే చెప్పాను. పంజరానికి మూడు వైపులా గుడ్డ కప్పాలి. పై కర్ర తీసేసి కిందికి కట్టాలి, పడ్డా దెబ్బ తగలకుండా. గదిలో మాటలు, టీవీ, రాకపోకలు ఉండకూడదు. నరాలకు సీసం ఎక్కిన పిట్ట చప్పుడుకు ఉలిక్కిపడితే ఫిట్స్ వస్తాయి. రేణుక విని నవ్వింది, ఆ రోజుల్లో ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

"అయితే అర్రల ఆయన ఉంటడు మేడం. నేను నోరు ఆపుకోలేను. పని అంత ఎనకనే చేస్కుంట."

ఒకసారి ఆమెను అడిగాను, సోన్యా మాట రికార్డు ఏమైనా ఉందా అని.

"ఉండె," అంది. "నా ఫోన్ల ఇడియోలు ఉండె. దవాఖానల ఉన్నప్పుడు ఫోన్ పోయింది. మళ్ళ తియ్యాలె అనుకున్న. రోజు ఇంట్లనే అంటుంటది గద, ఎప్పుడంటే అప్పుడు తియ్యొచ్చు అనుకున్న."

"అన్న అనౌన్స్ చేసినయి? దుకాణాలోళ్ళ దగ్గర ఉండవా?"

"చిప్పుల ఎక్కిచ్చి ఇచ్చేటోడు. సేల్ అయినంక వాళ్ళు తుడిపేస్తరు మేడం. బట్టల సేల్‌ది ఎవలు దాస్తరు? నేను పోయి అడిగిన గూడ. నవ్విండ్రు."

అప్పుడు నేనే చెప్పాను, పిట్ట కోలుకుని మళ్ళీ మాట అందుకోగానే ఫోన్ దగ్గర పెట్టుకుని తీసి దాచుకోండని. ఆమె పక్కింటి అమ్మాయి ఫోన్ అడిగి ఉంచుకుంది.

మందు పనిచేసింది. ప్యాడ్ మీద ముందు గులాబీ ఛాయ పోయింది. తర్వాత నీటి మరక చిన్నదైంది. ఆ తర్వాత ఒక పొద్దున గంగారాం లోపలికి వస్తూనే ప్యాడ్‌ను రెండు చేతులతో జెండాలా పట్టుకుని చూపించాడు. ముదురు రంగు చుట్ట, పక్కన తెల్లటి ముద్ద, చుట్టూ ఉందా లేదా అన్నంత తడి. ఆరోగ్యంగా ఉన్న పిట్ట రెట్ట అది. మామూలు మనుషులకు అసహ్యంగా ఉండే వస్తువును చూసి మేమిద్దరం అంత సంతోషపడ్డాం. సోన్యా కుచ్చు నిలబెట్టి, కింది కర్ర మీద కూర్చుని, కొర్ర గింజలు పొట్టు తీసుకుని తింటోంది.

సాయంత్రం రేణుక కూడా వచ్చింది. "ఇగ మాట్లాడుతదా మేడం?" అని అడిగింది.

"ఒంట్ల సత్తువ వస్తే మాట్లాడుతది అక్కా. ఇంకొన్నాళ్ళు చప్పుడు గాకుండ ఉండనీయుండ్రి. ఎక్స్‌రేల ఇంకా ఒకటి రెండు ముక్కలు కనబడుతున్నయి."

అది నేను ధైర్యం కోసం చెప్పిన మాట కాదు. నిజంగానే నమ్మాను.

కొన్ని రోజులకు ఒక పొద్దున వాళ్ళిద్దరూ కలిసి వచ్చారు. పంజరం గంగారాం చేతిలో ఉంది. సోన్యా బాగానే ఉంది. కానీ రేణుక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏమైందని అడిగితే, కుర్చీలో కూర్చుని చెప్పింది.

ఆ రోజు హాస్టల్‌కు సెలవు. ఆమె వెనక వాకిట్లో, ఫోన్ కూడా పక్కనే గట్టు మీద పెట్టుకుని, బట్టలు ఉతుకుతోంది. నల్లా వస్తోంది, బకెట్ నిండుతోంది. ముందు గదిలో గంగారాం పంజరం పక్కన కూర్చుని కొత్త ప్యాడ్ మారుస్తున్నాడు. అప్పుడు సోన్యా మాట్లాడింది. జబ్బు చేశాక మొదటిసారి.

గంగారాం పిలవలేడు. ఈల కూడా వేయలేడు, ఊపిరి నోట్లోంచి రాదు కాబట్టి. గట్టిగా చప్పుడు చేస్తే పిట్ట బెదిరి ఆపేస్తుంది, నేను చెప్పిన జాగ్రత్త కూడా ఆయనకు గుర్తుంది. లేచి వెనక్కి పరిగెత్తుదామంటే మాట వదిలి పోవాలి. పిట్ట రెండోసారి అంది. ఆయన ఇక ఆగలేక పక్కనున్న స్టీలు పళ్ళెం తీసి గోడకు కొట్టాడు.

"నేను ఆయనకు ఊపిరి ఆడుతలేదు అనుకున్న మేడం," అంది రేణుక. "తడి చేతులతోని ఉరికచ్చిన. వచ్చి చూస్తే ఆయన పిట్ట దిక్కు చూపెడుతుండు. కండ్లల్ల నీళ్ళు. పిట్ట రెక్కలు దగ్గరకు పెట్టుకొని కూసున్నది. నేను ఎంతసేపు నిలబడ్డనో. ఇంక అనలే."

"మళ్ళ అంటది అక్కా," అన్నాను. "ఒకసారి మొదలుపెట్టింది గద."

ఆమె తల ఊపింది. ఆ రోజు నుంచి బట్టలు ఉతకడం కూడా మానేసి ముందు గది గుమ్మంలోనే ఫోన్ పట్టుకుని కూర్చుందట. సోన్యా ముక్కుతో ఈకలు సర్దుకుంది, గింజలు తింది, ఒకటి రెండు సన్నని ఈలలు వేసింది. మాట అనలేదు.

ఆ వారం దాటకుండానే ప్యాడ్ మీద నీటి మరక మళ్ళీ పెరిగింది. గంగారాం దాన్ని విప్పి బల్ల మీద పరిచి, రెండు వేళ్ళనూ దూరంగా చాపి చూపించాడు. సంచిలో మిగిలిన ముక్క నుంచి సీసం దిగిందా, మూత్రపిండాలు అప్పటికే పాడైపోయి ఉన్నాయా, నేను ఖచ్చితంగా చెప్పలేను. మళ్ళీ ఇంజెక్షన్ మొదలుపెట్టాను. సెలైన్ చర్మం కిందికి ఎక్కించాను. హైదరాబాద్ స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతూ ఆమె చెప్పినవన్నీ చేశాను. ఆ మధ్యాహ్నం, రేణుక కూడా వచ్చి పక్కన నిలబడి ఉండగా, నా బల్ల మీదే ఫిట్స్ వచ్చాయి. రెండోసారి వచ్చినప్పుడు సోన్యా నా చేతిలోనే పోయింది. తూకానికి కూడా అందనంత తేలిగ్గా ఉంది.

గంగారాం చేయి చాచాడు. ఇచ్చాను. ఆయన కుచ్చు ఈకలను వేలితో వెనక్కి దువ్వి, రేణుక కొంగులో పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. నేను లేచి వెళ్ళి వాళ్ళ కోసం తలుపు తీసి పట్టుకున్నాను.

ఆ చలికాలం రేణుక మళ్ళీ వచ్చింది, పక్కింటి వాళ్ళ లవ్ బర్డ్‌కు కాలు విరిగిందని. కట్టు కట్టడం అయ్యాక, పక్కింటి అమ్మాయి పంజరం పట్టుకుని బయట ఆటో ఆపుతుండగా, రేణుక కుర్చీలోంచి లేవలేదు.

"అన్న ఎట్లున్నడు అక్కా?"

"మంచిగనే ఉన్నడు. మండీల తూకం కాంటా దగ్గర నిలబడుతడు. సైగలతోనే నడుస్తది." బయటికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మేడం, ఆ దినం డబ్బ చూసినప్పుడు నేను ఆయనను అన్నది ఉన్నది గద. పిట్ట పోయినా మంచిదే నీకు అని. అది మతిలకెల్లి పోతలేదు. ఎదురు చెప్పనీకి గొంతు లేని మనిషిని అననే అనొద్దుండె. మునుపయితే నేనొకటంటే ఆయన రెండనేటోడు, సరిపోయేది."

"ఆయన మనసుల ఏం పెట్టుకోలేదేమో."

"పెట్టుకోలే. అదే బాధ." ఆమె కొంగు సర్దుకుంది. "ఆ పొద్దుగాల పిట్ట ఏమన్నదని అడిగిన. పెదాలతోని చెప్పిండు. రేణుకా, అచ్చిన అన్నదంట. రెండుసార్ల. మాట తెల్సింది మేడం. గొంతే విననైతిని."

బయట ఆటో హారన్ కొట్టింది. ఆమె వెళ్ళిపోయింది.

వైద్యం సంగతి చెప్పాలంటే, ఆ కేసు తర్వాత జబ్బు పిట్ట ఎవరు తెచ్చినా మొదటి రోజే పేపరు తీయించి, జాలీ కింద తెల్ల ప్యాడ్ వేయిస్తాను. తిండి గురించి అడిగే ముందే పిట్ట ఏ గదిలో ఉంటుంది, ఆ గదిలో ఏమేం వస్తువులున్నాయి, ఎక్కడెక్కడ కూర్చుంటుంది అని అడుగుతాను. వీలైతే ఇల్లు చూసి వస్తాను. ఆ విధంగా సీసం తిన్న పిట్టలు ఇంకొన్ని దొరికాయి, కొన్ని బతికాయి కూడా.

గదిలో చప్పుడు ఉండొద్దని ఇప్పటికీ చెబుతాను, ఎందుకంటే అది సరైన సలహానే. అయితే దాంతోపాటు ఇంకో మాట చేర్చడం మొదలుపెట్టాను. ఇంట్లో ఆ పిట్టకు కావలసినవాళ్ళు ఎవరెవరున్నారో అందరూ వంతులు వేసుకుని, నోరు మెదపకుండా, దాని పక్కన కూర్చోండి అంటాను. ఎవరినీ వేరే గదిలోకి పంపొద్దు అంటాను.

"పిట్ట కోసమా మేడం?" అని అడుగుతారు.

"పిట్ట కోసం, మీ కోసం గూడ," అంటాను.